మంద చుట్టూ తడి గీత

దగ్గరికి జరగండి నాయనా. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి రండి, చోటుంది. ముందు మన కోటప్పకొండ స్వామికి మనసులో ఒక దండం పెట్టుకుందాం. నోరులేని జీవానికి నొప్పి ఇచ్చిందీ ఆయనే, ఆ నొప్పిని కనిపెట్టే మనసు పక్కజీవికి ఇచ్చిందీ ఆయనే. పెట్టుకున్నారా? సరే, వినండి.

వరికోతలు అయిపోయాక మా పల్నాట కాలవల కింద పొలాలు ఎలా ఉండేవో మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కోసిన మొదళ్ళ మీద మంచు మెరుస్తూ ఉండేది. అప్పుడు ఎగువనుంచి గొర్రెల మందలు దిగేవి. ముందు గంటల చప్పుడు వినపడేది, తర్వాత దుమ్ము కనపడేది, ఆ తర్వాత తడిసిన గొంగళ్ళ వాసన వచ్చేది. రైతులు ఎదురెళ్ళి "మా చేలో కట్టు, కాదు మా చేలో కట్టు" అని కాపర్లతో వాదులాడేవాళ్ళు. మంద పడుకున్న నేల మరుసటి ఏడు ఎంత పచ్చగా లేచేదో, ఆ పచ్చదనాన్ని ఏ సంచిలో ఎరువూ ఇవ్వలేదు. ఇప్పుడా మందలు రావడం తగ్గిపోయింది. ఆ వాసన తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది, ఎందుకో తెలీదు.

అలాంటి మంద ఒకటి పోలయ్యది. పోలయ్య, ఆయన భార్య అంకమ్మ, వాళ్ళ గొర్రెలు, వంటసామాను మోసే గాడిద, కాపలాకి ఒక కుక్క. అదే ఆ సంసారం.

కుక్క పేరు దండోరా. పిల్లగా ఉన్నప్పుడే దాని అరుపు విని పోలయ్య ఆ పేరు పెట్టాడు. గాడిద పేరు బరువయ్య. ఎంత మోపినా మూలగని జీవి. గొర్రెల్లో పెద్దది పుల్లమ్మత్త. ఎవరేం చెప్పినా "అవునవును" అనే మనిషి. మనిషంటున్నానా? గొర్రె అనాలి. కానీ మీకు తెలియని పుల్లమ్మత్తలు ఎవరున్నారు చెప్పండి!

దండోరాకి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మంద మేతకి వెళ్ళగానే లేత పిల్లలు మాత్రం చిన్నదొడ్డిలో ఉండిపోయేవి. వాటికి కాపలా దండోరా. ఆ దొడ్డి చుట్టూ కట్టిన వల వెంబడి తిరుగుతూ, గుంజగుంజకీ కాలెత్తి, కాస్త కాస్త తడి చేస్తూ ఒక చుట్టు పూర్తి చేసేది. మనకి అది కుక్క ఒంటేలు. అడవి జీవాలకి అది రాతకోత. "ఇక్కడ దండోరా ఉన్నాడు, ఒంట్లో సత్తువ ఉంది, ఇవాళే తిరిగాడు" అని చదువుకుని దూరంనుంచే పోయేవి.

ఆ రాత చదవడంలో ఆరితేరినవాడు ఊళయ్య అనే నక్క. కాలవ అవతల సర్కారు తుమ్మ కంపల్లో కాపురం. రోజూ ఎవరూ చూడనప్పుడు వచ్చి వల చుట్టూ మూతి ఆనించి చూసుకుని, "ఊహూఁ, ఇవాళ కూడా ఘాటుగానే ఉంది" అని గొణుక్కుంటూ వెనక్కి పోయేవాడు.

ఒకరోజు ఆ ఘాటు తగ్గింది.

మొదట కనిపెట్టింది బరువయ్యే. గాడిదకి తీరిక ఎక్కువ కదా, చూస్తూ ఉంటుంది.

"ఏరా అల్లుడూ, ఒకే గుంజ దగ్గర ఎంతసేపు నిలబడ్డావు! దానితో ఏమన్నా మాట్లాడుతున్నావా?"

"లేదు మామా, వస్తుందేమోనని చూస్తున్నా."

"వచ్చిందా?"

"చుక్క."

"చుక్కేనా? పొద్దుట్నించీ వెళ్ళినచోటికే వెళ్తున్నావు, వంగినచోటే వంగుతున్నావు. పిల్లప్పుడు కూర్చున్నట్టు కూర్చుంటున్నావు. ఏంటి కథ?"

"ఏం లేదులే మామా. పొద్దంతా ఎండలో తిరిగా కదా, వేడి చేసింది," అంది దండోరా, వెనకకాళ్ళ మధ్య మాటిమాటికీ నాక్కుంటూ. మంట చల్లారడానికి నాక్కుంటున్నానని చెప్పలేదు. మందకంతా కాపలా ఉండేవాడు తనకి నొప్పి అని ఎలా చెబుతాడు? మగతనం, పెద్దరికం అడ్డొస్తాయి. మన ఇళ్ళల్లో నాన్నలు చెబుతారా ఏమిటి!

మర్నాడు కాలవ గట్టున నీళ్ళు తాగడానికి వెళ్ళిన దండోరాకి, అవతలి గట్టు మీద ఊళయ్య కనపడ్డాడు. కాలు మీద కాలు వేసుకుని, ముక్కు ఆకాశంలో పెట్టి, మహా సాధువులా కూర్చున్నాడు.

"తమ్ముడూ, బాగున్నావా?"

"ఎవర్రా నీకు తమ్ముడు?"

"అదేం మాటరా! ముట్టె చూడు, తోక చూడు. మన తాతలు ఒక గుహలో పుట్టినవాళ్ళే. మీరు మనుషుల వెంట పోయారు, మేం కంపల్లో ఉండిపోయాం. అంతేగా తేడా? సరే, తగువెందుకు. ఒంట్లో బాగాలేనట్టుందే?"

దండోరా గుర్రుమంది. గుర్రుమనగానే పొత్తికడుపులో పోటు వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

ఊళయ్య కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "అబ్బ, ఎంత బాధో! చూడలేకపోతున్నా. నాకూ ఓసారి వచ్చిందిరా ఇది. ఒంటికి వెళ్ళినప్పుడు మంటా?"

"...ఊఁ."

"రంగు మారిందా?"

"కాస్త ఎర్రగా..."

"అదే! అచ్చంగా అదే! మందు చెప్తా విను. నీళ్ళు మానెయ్."

"నీళ్ళా?"

"మరి! తాగబట్టే కదా పోయాల్సొస్తోంది? పోయబట్టే కదా మండుతోంది? తాగకపోతే పోసేదేముంది, పోయకపోతే మండేదేముంది? ఆలోచించు."

ఆ మాట దండోరాకి ఎంత సబబుగా తోచిందంటే, వంచిన మూతిని నీళ్ళకి తగలకుండానే పైకెత్తింది. చూశారా నాయనా, నొప్పిలో ఉన్నవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో! మంటకి నీళ్ళు పోయాలని పొయ్యి దగ్గర కూర్చున్న చంటిపిల్లకి కూడా తెలుసు. నొప్పిలో ఉన్నవాడికి తెలీదు.

"ఇంకో మాట తమ్ముడూ. పోలయ్య కంట పడనియ్యకు."

"ఎందుకు?"

"అవతలి కాలవ కింద ఒక మంద దిగిందా? అందులో కుక్కకి జబ్బు చేసింది. తెల్లారేసరికి మంద కదిలిపోయింది, కుక్క గట్టు మీద ఉండిపోయింది. ఈ కళ్ళతో చూశా. పనికొచ్చినన్నాళ్ళే మనల్ని వీళ్ళు పేరుపెట్టి పిలిచేది."

దండోరా దాహంతోనే వెనక్కి తిరిగింది. ఊళయ్య అది కనుమరుగయ్యేదాకా జాలిగా తలాడించి, ఆ తర్వాత పెదాలు నాక్కున్నాడు.

ఆ రోజునుంచి మొదలైంది అసలు కష్టం. నీళ్ళు మానేసేసరికి వచ్చే ఆ చుక్క కూడా చిక్కబడి, ఘాటెక్కి, నిప్పులా మండేది. దండోరా నడుం విల్లులా వంచి ముక్కేది, మూలిగేది, పోలయ్య కనపడగానే తోకాడించి ఏమీ ఎరగనట్టు నిలబడేది. అంకమ్మ పెట్టిన సంగటి ముద్దని మూతితో అటూ ఇటూ నెట్టి తిన్నట్టు నటించేది. వల గుంజలు ఒక్కొక్కటీ ఎండిపోతూ వచ్చాయి. ఊళయ్య రోజూ వచ్చి ఆ రాత చదువుకుంటూ, రోజుకో అడుగు దగ్గరికి జరుగుతున్నాడు.

పుల్లమ్మత్త అప్పుడే ఈనింది. దాని పిల్ల, అప్పుడే ఏకిన దూదిలా ఉండేది. అందుకని అత్త మేతకి పోకుండా చిన్నదొడ్డిలోనే ఉండేది.

"పాపం, మన దండోరాకి అరగలేదు మామయ్యా," అంది నెమరేస్తూ. "ముక్కుతున్నాడు చూడు. రెండ్రోజులు కడుపు మాడిస్తే సర్దుకుంటుంది."

బరువయ్య చెవులు రెండూ వెనక్కి వాల్చాడు. అలా వాల్చాడంటే పాత సంగతేదో గుర్తొచ్చిందని అర్థం.

"అరక్క కాదమ్మా. నేను ఈ మందకి రాకముందు రేవులో ఉండేవాణ్ణి. బట్టల మూటలు మోసేవాణ్ణి. ఎంత చల్లటి రేవనుకున్నావు! పొద్దున్నే బండల మీద బట్టలు ఉతుకుతుంటే ఆ చప్పుడు అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చేది. అక్కడ తెల్లోడు అని ఒక కుక్క ఉండేది. నా నీడలోనే పడుకునేది. అది కూడా ఇలాగే మాటిమాటికీ వెళ్ళేది, ఇలాగే వంగేది, చుక్కచుక్కే రాల్చేది. అందరూ నువ్వన్నట్టే అరగలేదనుకున్నారు. ఆముదం తాగించారు. ఆ తర్వాత ఆ చుక్క కూడా ఆగిపోయింది. పొట్ట డప్పులా బిగిసింది. వాంతులు చేసుకుంది. ఇంక..." బరువయ్య ఆగాడు. "ఇంక నా నీడ ఖాళీ అయింది."

"అయ్యో! అయితే అరక్కపోవడం కాదంటావా?"

"వెనకనుంచి రానివాడి సంగతి వేరు, ముందునుంచి రానివాడి సంగతి వేరమ్మా. వీడికి ఆగింది నీళ్ళు. ఇది ఒక్కపూట కూడా ఊరుకునే జబ్బు కాదు."

బరువయ్య నేరుగా దండోరా దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అల్లుడూ, నిజం చెప్పు. ఇవాళ చుక్కైనా వచ్చిందా?"

"పొద్దున ఒకటి. ఎర్రగా."

"నీళ్ళెందుకు తాగట్లేదు?"

"ఊళయ్య వద్దన్నాడు."

"ఎవడూ?" బరువయ్య ఓండ్రింపు పెట్టబోయి ఆపుకున్నాడు. "గొర్రెపిల్ల కోసం గుటకలు మింగేవాడు నీకు వైద్యుడయ్యాడా? పద, పోలయ్య ముందు పడుకుని మూలుగు."

"వద్దు మామా! వదిలేసి పోతారు. గట్టు మీద వదిలేస్తారు. నువ్వు చెప్పావంటే నా మీద ఒట్టే!"

"నేను చెప్పడానికి నాకు వాళ్ళ భాష వచ్చి ఏడిస్తే కదా!"

అయినా గాడిద ఊరుకోలేదు. ఆలోచించాడు. వలమీద పోలయ్య తలపాగా ఆరేసి ఉంది. తిరునాళ్ళకి కట్టుకునే తెల్లటి గుడ్డ, అంకమ్మ నీలిమందు వేసి ఉతికింది. బరువయ్య దాన్ని పళ్ళతో లాగి, దండోరా కింద నేలమీద పరిచేశాడు. దండోరా లేవబోతే మూతితో నొక్కిపెట్టాడు.

అప్పుడే పోలయ్య వచ్చాడు. వచ్చి చూస్తే, తన తలపాగా కుక్క కింద!

"ఓరి నీ గాడిద బతుకు చెడ! తిరునాళ్ళ గుడ్డేరా అది! అంకమ్మా, ఇటు రా, దీన్ని చూడు!" అని కర్ర ఎత్తాడు.

బరువయ్య కదల్లేదు. దెబ్బ పడ్డా కదిలేవాడు కాదు. పోలయ్య కోపంగా గుడ్డ లాగాడు. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి మరక. చేతిలో కర్ర అలాగే ఆగిపోయింది.

అంకమ్మ పరుగున వచ్చి కూర్చుని, దండోరా పొట్ట కింద చెయ్యి పెట్టింది. దండోరా గుర్రుమంది.

అంకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు. "ఏమయ్యా, వీడు పుట్టాక నా మీద ఎన్నడూ గుర్రుమనలా. ప్రాణం మీదికి వచ్చుంటే తప్ప గుర్రుమనడు. పొట్ట చూడు, రాయిలా ఉంది. పశువులాసుపత్రికి తీసుకుపోవాల, ఇప్పుడే."

పొలం ఆసామి కనకయ్య అప్పుడే ట్రాక్టరేసుకుని వచ్చాడు. సంగతి విని నవ్వాడు. "కుక్క కోసం టౌనుకా? ఊళ్ళో పిల్లలు బోలెడున్నాయి, ఇంకోదాన్ని తెచ్చుకో పోలయ్యా."

పోలయ్య తలపాగా మడత పెడుతూ నెమ్మదిగా అన్నాడు. "మీ నాయనకి జబ్బు చేస్తే ఇంకో నాయనని తెచ్చుకున్నారా అయ్యా తమరు? వీడు కన్ను తెరవకముందు గొంగట్లో నా పొట్టమీద పడుకున్నాడు. వీడు పనికి రాకపోతే నేను పెట్టి పోషిస్తా. ఎక్కించుకుంటారా, మోసుకుపొమ్మంటారా?"

కనకయ్య నవ్వు ఆపేసి ట్రాక్టరు తిప్పాడు. ఆయన మంచివాడే, మాటే అలాంటిది.

దండోరా ఆ మాట విన్నది. బరువయ్య తర్వాత చెప్పేవాడు, "నొప్పికి కూడా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడమ్మా" అని.

పోలయ్య గొర్రెల దగ్గర ఉండిపోయి, అంకమ్మ కుక్కని ఒళ్ళో వేసుకుని ట్రాక్టరెక్కింది. ఆ మరకల తలపాగాని పోలయ్యే ఆమె చేతికిచ్చాడు. "ఉతకమాక. డాక్టరమ్మకి చూపించు, రంగు తెలుస్తది."

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చారు. దండోరా బతికే వచ్చింది. స్వామి దయ. కానీ అవతారం చూడాలి! పొట్టమీద కుట్లు, మెడకి అడుగు కోసేసిన పాత ప్లాస్టిక్ బకెట్టు. కుట్లు నాక్కోకుండా డాక్టరమ్మ పెట్టించింది. ఆ బకెట్టులోంచి మొహం బావిలోంచి చందమామ కనపడినట్టు కనపడుతోంది.

చిన్నదొడ్డిలో గోనెసంచుల మీద పడుకోబెట్టారు. పుల్లమ్మత్త, బరువయ్య చుట్టూ చేరారు.

"ఏం చేశారు నాయనా నిన్ను?"

"డాక్టరమ్మ పొట్ట తడిమిందత్తా. తడిమి, ఎన్నాళ్ళనుంచి ఇలా అని అడిగింది. అంకమ్మ తెలీదమ్మా, దాచాడు అంది. కుక్కలు దాస్తాయమ్మా, మనమే కనిపెట్టాలి అంది డాక్టరమ్మ. తర్వాత నా పొట్ట లోపలి బొమ్మ తీశారు."

"లోపలి బొమ్మే! అందులో ఏముంది?"

"రాళ్ళు."

"రాళ్ళెందుకు తిన్నావు నాయనా?"

"తినలేదత్తా! మన ఒంటేట్లో ఉప్పులాంటివేవో కరిగి ఉంటాయట. నీళ్ళు చాలకపోయినా, లోపల చీముపట్టినా అవి పేరుకుని గట్టిపడతాయట, నీళ్ళకుండ అడుగున సున్నం పేరుకున్నట్టు. ఆ రాళ్ళు మూత్రపు సంచిలో దొర్లి గీరుకుంటే రక్తం. వాటిల్లో ఒకటి వచ్చి దారికి అడ్డం పడింది. మగకుక్కలకి ఆ దారి సన్నం కదా, బిరడాలాగా బిగిసిపోతుందట."

"మరి తీశారా?"

"ముందు సన్న గొట్టం పెట్టి, నీళ్ళు కొట్టి, అడ్డం పడ్డదాన్ని వెనక్కి నెట్టారు. అబ్బ మామా, అప్పుడు పోయింది చూడు! ఎన్నాళ్ళదో! అంకమ్మ పట్టలేక నవ్వేసింది. తర్వాత మత్తుసూది ఇచ్చారు. లేచేసరికి కుట్లు. రాళ్ళు గిన్నెలో వేసి ఆడించింది డాక్టరమ్మ. చింతగింజల్లా ఉన్నాయి. ఇంకొక్క పూట ఆలస్యమైతే, ఆగిన నీళ్ళే విషమై ఒళ్ళంతా పాకేవని చెప్పింది."

బరువయ్య తన నీడవైపు ఒకసారి చూసుకున్నాడు. తెల్లోణ్ణి తలుచుకున్నాడేమో.

"కోత లేకుండా పోవటరా అవి?" అడిగాడు చివరికి.

"కొన్ని రకాల రాళ్ళు తిండి మార్చి, మందులిస్తే కరుగుతాయట మామా, నావి అడ్డం పడ్డాయి కాబట్టి తీయక తప్పలేదు. ఏ రకమో చూడ్డానికి ఒక రాయిని పరీక్షకి పంపారు. మళ్ళీ రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలని చెప్పింది. అంకమ్మతో గట్టిగా చెప్పింది, నీళ్ళు బాగా తాగించాలని, సంగట్లో కూడా నీళ్ళు పోసి జారుగా పెట్టాలని."

"నీళ్ళు మానెయ్యమనలేదా?" అంది పుల్లమ్మత్త.

దండోరా బకెట్టులో తల దించుకుంది. "ఆ మాట ఎత్తకత్తా."

అప్పటినుంచి అంకమ్మ పట్టుబట్టి తాగించేది. వెడల్పాటి బేసినులో కాలవ నీళ్ళు, దాంట్లో కాస్త మజ్జిగ. తాగకపోతే ముందు కూర్చుని బతిమాలేది, చివరికి తిట్టేది. తాగిన దానికి తగ్గట్టు అవతల కూడా ధారాళంగా నడిచింది వ్యవహారం. లేచి నడవొద్దన్నారు కాబట్టి పడుకున్న గోనెసంచుల మీదే. ఒక సంచి తడిస్తే ఇంకోటి, అదీ తడిస్తే ఇంకోటి. అంకమ్మ విసుక్కోకుండా మార్చేది. ఆవిడ కళ్ళకి ఆ తడిగోనె పసుపుకుంకాలంత శుభంగా కనపడేది. అంతే కదా మరి! చావు తప్పించుకు వచ్చినవాడి ఇంట్లో ఏ కంపైనా సాంబ్రాణే.

కానీ దొడ్డి చుట్టూ గీత మాత్రం పూర్తిగా ఎండిపోయింది.

ఒక మధ్యాహ్నం పోలయ్య, అంకమ్మ మందతో చెరువు వైపు వెళ్ళారు. దొడ్డిలో లేతపిల్లలు, పుల్లమ్మత్త, కట్టేసిన బరువయ్య, గోనె మీద దండోరా. కాలవ గట్టు మీద కంపలు కదిలాయి.

"మామా," అంది దండోరా, గొంతు తగ్గించి, "ఊళయ్య వచ్చాడు. గాలి ఇటే కొడుతోంది."

"చూశా. నిన్ను ట్రాక్టరు మీద మోసుకుపోవడం చూసుంటాడు. పోయావనుకుంటున్నాడు."

"నేను లేచి ఒక్క చుట్టు తిరిగొస్తా."

"కుట్లు తెగి చస్తావు! పడుకో!"

"మరి పిల్లలు? అత్త పిల్లకి ఇంకా పరిగెత్తడం కూడా రాలేదు. గీత లేదు మామా. వాడు ముందు గుంజ దగ్గర వాసన చూస్తాడు, ఏమీ ఉండదు. లోపలికి వస్తాడు. నేను చెయ్యాల్సిన ఒకే ఒక్క పని అది, అది కూడా..." దండోరా ముందుకాళ్ళ మీద లేవబోయింది.

పుల్లమ్మత్త పిల్లని కాళ్ళ మధ్యకి లాక్కుంది. భయంలో ఏదో ఒకటి మాట్లాడాలి కదా, చిరాగ్గా అంది. "ఆ తడి గోనెలన్నా అవతల పారెయ్యండి బాబూ! మూలన గుట్టపడ్డాయి, కంపుకి నా బిడ్డకి తుమ్ములొస్తున్నాయి. చచ్చే ముందైనా మంచి గాలి పీల్చనివ్వండి!"

బరువయ్య చెవులు నిక్కపొడుచుకున్నాయి.

"అత్తా! నీ నోట్లో పంచదార పొయ్యా! పారేస్తున్నా, ఇప్పుడే పారేస్తున్నా!"

మెడతాడు గుంజుకుంటే ముడి జారింది. గాడిద మూలనున్న గోనెల్లో బాగా తడిసినదాన్ని పళ్ళతో పట్టుకున్నాడు. ఆ రుచికి మొహం ఎలా పెట్టాడో మీరే ఊహించుకోండి, నేను చెప్పను. వల చాటునే ఈడ్చుకుంటూ, గుంజగుంజకీ రుద్దుకుంటూ ఒక వైపు తిరిగాడు. అది ఆరిపోతే ఇంకో గోనె. దొడ్డి నాలుగు వైపులా, ఒక్క గుంజ వదలకుండా. తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు గడ్డి నములుతూ నిలబడ్డాడు.

"మామా, నోరు కడుక్కో," అంది దండోరా.

"నోర్ముయ్ అల్లుడూ. కాదు కాదు, ముయ్యకు. నీ నోటితో ఇప్పుడే పనుంది."

ఊళయ్య గట్టు దిగాడు. అటూ ఇటూ చూసి, ఒళ్ళు విరుచుకుని, పెళ్ళివిందుకి వస్తున్నవాడిలా నడిచాడు. "పాపం దండోరా. మంచి కుర్రాడు. మాట వినేవాడు," అనుకుంటూ మొదటి గుంజకి మూతి ఆనించాడు.

ఆనించినవాడు వెనక్కి ఎగిరాడు.

"ఇదేంటి! ఇవాళ్టిదే! ఇంత... ఇంత ఎక్కడిది?"

రెండో గుంజ దగ్గరికి పోయాడు. అక్కడా అంతే. పక్కకి పోయాడు, వెనక్కి పోయాడు. ఎక్కడ మూతి పెట్టినా పచ్చితడి. గుంజ మీదే కాదు, గుంజకీ గుంజకీ మధ్య నేలమీద కూడా.

"ఒక్క కుక్క ఒంట్లో ఇన్ని నీళ్ళుండవే! వాసన దండోరాదే, సందేహం లేదు. కానీ వాడికి నేనే నీళ్ళు మాన్పించా కదా. అయితే వాడి అన్నదమ్ములందర్నీ తెచ్చారా? ఒక్క ఈతలోవేనా ఇవన్నీ?"

అప్పుడు దండోరా ఊపిరి నిండా పీల్చి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి మొరిగింది. ఆ బకెట్టు ఉంది చూశారూ, మెడ చుట్టూ? తిరునాళ్ళలో మైకుసెట్టు గొట్టం ఎలా పనిచేస్తుందో అది అలా పనిచేసింది. చిన్నదొడ్డి అదిరింది. కాలవ అవతల కొంగలు లేచిపోయాయి. బరువయ్య సందు చూసుకుని తన ఓండ్రింపు కూడా కలిపాడు. పుల్లమ్మత్తకి ఏం చెయ్యాలో తెలీక "అవునవును" అన్నట్టు తనూ అరిచింది. లేతపిల్లలన్నీ అందుకున్నాయి.

ఊళయ్య దారి చూసుకోలేదు. కాలవలో పడి, ఈది, ముళ్ళకంపలో దూరి, తోకమీది బొచ్చు సగం కంపలకి సమర్పించుకుని ఇల్లు చేరాడు.

సాయంత్రం పోలయ్య వచ్చి చూస్తే పిల్లలన్నీ ఉన్నాయి, గాడిద తాడు ఊడి ఉంది, గోనెలు దొడ్డి చుట్టూ చెల్లాచెదురుగా పడున్నాయి. "వీడికి ఈ మధ్య గుడ్డల పిచ్చి పట్టిందేమే అంకమ్మా," అని తల గోక్కుని, బరువయ్యకి గుప్పెడు ఉలవలు పెట్టి, దండోరా పక్కన గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. అంకమ్మ బేసినులో నీళ్ళు తెచ్చింది. పిల్ల గొర్రె వచ్చి అందులోనే మూతి పెట్టింది. ఇద్దరూ ఒక్క బేసినులో తాగుతుంటే ఆ చప్పుడు... ఏం చెప్పను నాయనా. ఆ చప్పుడు విన్న చెవులకి ఇంక గుళ్ళో గంట కూడా వేరే అక్కర్లేదు.

కాలవ అవతల మాత్రం ఆ పూట పొయ్యి వెలగలేదు. ఊళయ్య పెళ్ళాం వాడి ఒంట్లో ముళ్ళు తీస్తూ సణుగుతోంది.

"అంత చిన్న మందకి అన్ని కుక్కలెక్కడివయ్యా? నీ కళ్ళతో చూశావా?"

"చూడక్కర్లేదే. నా ముక్కు ఎప్పుడైనా పొరపాటు పడిందా?"

"మరి ఆ జబ్బుకుక్కకి నీళ్ళు మాన్పించానన్నావు?"

"మాన్పించా."

"మానేసినవాడు అంత ఎలా పోశాడు?"

ఊళయ్య ముల్లు లాగినప్పుడల్లా "అబ్బా" అంటూ ఎండిన నాలుకతో పెదాలు తడుముకుంటూ, ఆకలితోనే అటు తిరిగి పడుకున్నాడు.

ఇదీ నాయనా కథ, ఇందులో నీతి ఒక్కటే: నొప్పిని అయినవాళ్ళకి చూపించుకోనివాడికి పగవాడే వైద్యుడై కూర్చుంటాడు.